కంట్లో పువ్వు

రెండు సంచులూ అద్దెవే.
ఒకదాంట్లో నారింజ ఉంగరం వాళ్ళ బాడీ,
ఇంకోదాంట్లో ఎర్రగీత వాళ్ళది.
ద్వారకానగర్‌లో షాపు కట్టేసే వేళకి
ఆధార్ జిరాక్సూ ఆరువేల అడ్వాన్సూ ఇచ్చి తెచ్చాను.
సోమవారం పదింటికల్లా తిరిగిచ్చెయ్యాలి.
ఈలోగా తేల్చుకోవాలి,
ఇకమీదట ఏ గాజుకి వాయిదాలు కడతానో.

పందొమ్మిదేళ్ళు ఒకే ఇంటిపేరు మీద బతికాను,
పసుపు పట్టీ వాళ్ళది.
తాళి కట్టే క్షణాన లోపలి అద్దం తలెత్తి దిగే చప్పుడు
గట్టిమేళం అడుగునుంచి
నాకొక్కడికే వినపడేది.
ఇప్పుడు అద్దం లేదు, చప్పుడూ లేదు.
మౌంటు మారితే
కొన్న లెన్సులన్నీ ఒక్కరాత్రిలో పరాయివాళ్ళు.
అడాప్టర్ ఉంది కదంకుల్, అంటాడు షాపు కుర్రాడు శ్రీహరిరావు,
దత్తత అంటే సంతకమే అన్నట్టు.

కాగితం మీద గీత గీసి లెక్కలు కట్టాను.
ఇటు బాడీ చవక, గాజు ప్రియం.
అటు గాజు ఎవరిదైనా పడుతుంది,
మెనూలోకి దిగితే మాత్రం
పూర్ణా మార్కెట్ సందుల్లో దారి తప్పినట్టే.
ఇది చేతికి కుదురు. అది మెడకి తేలిక
(మెడలో ఐదో పూస అరిగిందని కేజీహెచ్‌లో ఎక్స్‌రే తీసి చెప్పారు).
సత్యవేణి ఆ కాగితం తిరగేసి
వెనక పాల లెక్క రాసుకుంది.

ఆదివారం తెల్లారగట్ట నాలుగున్నర. ఫిషింగ్ హార్బరు.
ఐసు మర రొద, డీజిలు వాసన,
చెప్పుల కింద పొలుసుల జారుడు.
మొదటి కెమెరాలో ఆకుపచ్చ చదరం
మనుషులందర్నీ దాటుకుంటూ పోయి
గంపలో వంజరం కంటిమీద కూర్చుంది.
కదలదు.
చచ్చిన చూపుని అంత నమ్మకంగా
నేనెప్పుడూ పట్టుకోలేదు.
రెండోది కాస్త తటపటాయించి
నూకరత్నం మొహం మీద వాలింది.
ఉన్న రెండు కళ్ళలోనూ
పువ్వు పడ్డ ఎడమకన్నునే ఎంచుకుంది.

తెరమీద చూపించాను. ఆమె తనని చూసుకోలేదు.
"ఇలాగియ్యి" అని లెన్సు ముందు గాజుని
ట్యూబులైటు కిందకి వాల్చింది,
పాట మొదలవకముందు
మొప్ప ఎత్తి, కన్ను చూసి
ధర కట్టే చూపుతో.
"తేటగుంది."
రెండోదీ చూసింది. "ఇదీ తాజాదే. రెండూ ఒక్క వలలోయే."
తర్వాత నా భుజాన వేలాడే పాతదాన్ని,
నేను చూపించనిదాన్ని, లాక్కుంది.
"ఓలమ్మా, దీనికి పువ్వడిపోనాది బాబూ!"

పడింది. ఉప్పుగాలి.
బియ్యం డబ్బాలో దాచాను, పొట్లాలు మార్చాను,
హుద్‌హుద్ వచ్చిపోయాక కరెంటు లేని ఆ రోజుల్లో
ఇల్లంతా చెమ్మ,
లోపలి గాజు మీద బూజు
తెల్లటి కొమ్మలేసుకుంది.
ఎదురెండలో అది పల్చటి పొగలా దిగుతుంది ఫొటోలోకి.
సుజాతనగర్ పెళ్ళివారొకరు మంచు ఎఫెక్టు అనుకుని
బాగుందన్నారు. నేనూ ఔనన్నాను.

"శిబిరమోళ్ళు తీయించుకోమన్నారు," అంది.
"నానే ఎల్లనేదు."
ఎందుకని అడిగేలోగా పాటకి పిలుపొచ్చింది.
గంప ఎత్తుకుని, నీళ్ళు కారుతుండగా, పోయింది.
నా మూడు కెమెరాలూ ఆమె వీపునే చూశాయి.

సోమవారం ఎర్రగీత వాళ్ళదే తీసుకున్నాను.
సత్యవేణికి మెడనొప్పి అని చెప్పాను,
అది రెండింట్లో బరువైనదని తనకి తెలియదు.
అడాప్టర్ కూడా రాయమన్నాను.
శ్రీహరిరావు బిల్లు పుస్తకం మీంచి తలెత్తాడు:
"ఆటోఫోకస్ రాదంకుల్, చేత్తో తిప్పుకోవాలి.
ఇంకోటి, ఆ బూజు పక్కవాటికి అంటుకుంటుంది.
కొత్తవాటితో కలిపి పెట్టకండి."

దారిలో కురుపాం మార్కెట్ దగ్గర దిగి
మూత గట్టిగా పట్టే
ఇంకో బియ్యం డబ్బా కొన్నాను.